దర్శనమూ ఛాయాచిత్రమూ: భూటాన్ త్సెచు పండుగలు

ఉత్తరాన టిబెట్‌కూ, దక్షిణాన అస్సాం, బెంగాల్ మైదానాలకూ నడుమ ఒదిగి ఉన్న భూటాన్ రాజ్యాన్ని బయటి ప్రపంచం పుస్తకాల కంటే బొమ్మల ద్వారానే ఎక్కువగా ఎరిగింది. 1783లో ఈస్టిండియా కంపెనీ పంపిన శామ్యూల్ టర్నర్ రాయబార బృందంతో సర్వే పని మీద వెళ్లిన శామ్యూల్ డేవిస్ అక్కడి కొండకోటలనూ వంతెనలనూ చిత్రాలుగా గీసుకొచ్చాడు. ఆ తరువాత నూట ఇరవై ఏళ్లకు, సిక్కింలో బ్రిటిష్ రాజకీయ ప్రతినిధిగా ఉన్న జాన్ క్లాడ్ వైట్ 1905లో ఒకసారి, 1907లో మరోసారి భూటాన్ వెళ్లి, బరువైన కెమెరానూ గాజు పలకలనూ కనుమలు దాటించి, 1907 డిసెంబరు 17న పునాఖాలో ఉగ్యెన్ వాంగ్‌చుక్ తొలి వంశపారంపర్య రాజుగా పట్టం కట్టుకున్న సందర్భాన్ని కూడా ఛాయాచిత్రాల్లో నిలిపాడు. వైట్ వ్యాసమూ చిత్రాలూ 1914 ఏప్రిల్‌లో నేషనల్ జాగ్రఫిక్ పత్రికలో అచ్చయ్యాయి. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, ఎల్ పాసో పట్టణంలోని గనుల కళాశాల అధిపతి భార్య ఆ చిత్రాలు చూసి ముచ్చటపడగా, 1917లో ఆ కళాశాల భవనాలు వెడల్పాటి చూరులతో, పైకి పోయేకొద్దీ లోపలికి వాలే గోడలతో అచ్చం భూటాన్ తీరులోనే లేచాయి. భూటాన్ నేల తొక్కనివారు కేవలం బొమ్మలు చూసి భూటాన్ కోటలు కట్టుకోవడం ఛాయాచిత్ర చరిత్రలో ఒక వింత.

ఆ కోటలనే భూటాన్‌లో ‘జోంగ్’ అంటారు. ఒకే ప్రాకారంలో సగం భాగం జిల్లా పరిపాలన కార్యాలయంగానూ, సగం భాగం బౌద్ధ భిక్షువుల ఆరామంగానూ ఉండే ఈ కట్టడాల్లో చాలావాటిని, 1616లో టిబెట్ నుంచి వచ్చి చిన్నచిన్న లోయలుగా విడిపోయి ఉన్న దేశాన్ని ఒక్కటి చేసిన మతాచార్యుడూ పాలకుడూ అయిన షబ్‌ద్రుంగ్ ఙవాంగ్ నాంగ్యాల్ కట్టించాడు. రాయి, మట్టి, కొయ్య కలిసిన నిర్మాణం కావడం వల్లా, లోపల వెన్నదీపాలు ఎప్పుడూ వెలుగుతుండటం వల్లా జోంగ్‌లకూ మఠాలకూ అగ్నిభయం ఎక్కువ. పారో లోయలోని రింపుంగ్ జోంగ్ 1907లో కాలిపోయింది; కొండ అంచున వేలాడుతున్నట్టు కనిపించే తక్‌త్సంగ్ మఠం 1998లోనూ, వాంగ్‌దూ ఫోద్రాంగ్ జోంగ్ 2012లోనూ మంటల పాలై, తిరిగి పాత తీరులోనే నిర్మాణానికి నోచుకున్నాయి. 1905లో పారో మీదుగా ప్రయాణించిన వైట్ తీసిన చిత్రాలు, రెండేళ్ల తరువాత బూడిదైన కట్టడానికి సాక్ష్యాలుగా మిగిలాయి. అందం మాట తరువాత సంగతి. భూటాన్‌లో ఛాయాచిత్రానికి ఉన్న మొదటి విలువ ఈ సాక్ష్యమే.

అయితే కట్టడాన్ని చిత్రించడం తేలిక, పండుగను చిత్రించడం కష్టం. భూటాన్ పండుగల్లో ప్రధానమైనది ‘త్సెచు’. చాంద్రమాన మాసంలో పదో తిథిని పురస్కరించుకొని, ఎనిమిదో శతాబ్దంలో హిమాలయాలకు వజ్రయానాన్ని తెచ్చిన గురు పద్మసంభవుని స్మృతిలో జరిపే ఉత్సవం ఇది. వజ్రయానం అంటే మంత్రం, ముద్ర, మండలం, దేవతాధ్యానం సాధనాలుగా గల తాంత్రిక బౌద్ధం; దీని గ్రంథాల్లో ముఖ్యమైన కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతిలో, ఉపదేశించాడని ఆ సంప్రదాయం నమ్ముతుంది కనుకనే 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చారు. త్సెచు ఒక్కో జిల్లాలో ఒక్కో నెలలో వస్తుంది: పారోలో వసంతంలో, రాజధాని థింఫులో వానలు వెనుకపట్టే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. మూడు నుంచి ఐదు రోజులు సాగే ఈ ఉత్సవానికి ఊరి జనం తమ పెట్టెల్లోని మంచి బట్టలు తీసి కట్టుకొని, ‘బాంగ్‌చుంగ్’ అనే మూతగల వెదురు బుట్టల్లో ఎర్రబియ్యం అన్నమూ కూరలూ పెట్టుకొని, పిల్లాపాపలతో వచ్చి జోంగ్ ఆవరణలో పొద్దుగూకేదాకా కూర్చుంటారు.

ఆ ఆవరణలో జరిగే మతపరమైన నృత్యాన్ని ‘ఛామ్’ అంటారు. ఆడేవారిలో భిక్షువులూ ఉంటారు, గృహస్థులూ ఉంటారు. ఆడుతున్నంతసేపూ నర్తకుడు తాను ధరించిన దేవతారూపాన్ని మనసులో నిలుపుకోవాలన్నది నియమం. చూసేవారికి ఆ చూడటంతోనే పుణ్యం దక్కుతుందన్నది విశ్వాసం. ఇక్కడే ఛాయాగ్రాహకుని చిక్కు మొదలవుతుంది. నాటకశాలలో ప్రేక్షకుడు వేరు, ప్రదర్శన వేరు. త్సెచులో మాత్రం ఆవరణ చుట్టూ కూర్చున్న జనం కూడా ఆ క్రతువులో భాగస్థులే కనుక, రంగురంగుల ముఖతొడుగులను మాత్రమే పట్టుకొని జనాన్ని వదిలేసిన చిత్రం సగం చిత్రమే అవుతుంది. ప్రపంచమంతటా ప్రచారంలో ఉన్న భూటాన్ చిత్రాల్లో అధికభాగం ఇలాంటి సగం చిత్రాలే కావడం విచారకరం.

నృత్యక్రమం తెలిసినవారికి కెమెరా ఎప్పుడు ఎత్తాలో తెలుస్తుంది. నల్ల టోపీల నృత్యమైన ‘షనాగ్’లో నర్తకులు ముఖతొడుగు లేకుండా, వెడల్పు అంచుల టోపీలతో, నేల దాకా జారే చేతుల పట్టు అంగీలతో వస్తారు, తొమ్మిదో శతాబ్దంలో బౌద్ధాన్ని అణచివేసిన టిబెట్ రాజు లంగ్‌దర్మను ఒక భిక్షువు ఇలాంటి అంగీ చేతుల్లో విల్లంబులు దాచుకొని వెళ్లి చంపాడన్న కథ దీనికి ఆధారం. కథ తెలిసినవాడు ఆ చేతుల విసురు కోసం కాచుకుంటాడు, తెలియనివాడు టోపీని చిత్రించి సంతృప్తి పడతాడు. శ్మశానాధిపతుల నృత్యమైన ‘దుర్‌దాగ్’లో తెల్లని అస్థిపంజర వేషాలు కనిపిస్తాయి. తూర్పు భూటాన్‌లోని ద్రమెత్సె మఠంలో పుట్టిన డోలు నృత్యం ‘ద్రమెత్సె ఙాఛామ్’ 2008లో యునెస్కో వారి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది.

వీటన్నింటిలో తాపీగా నిలబడి చూడవలసింది ‘రక్ష మంగ్‌ఛామ్’, అంటే మృతుల విచారణ. మరణానికీ మరు జన్మకూ నడుమ జీవుడు పడే అవస్థలను వర్ణించే బార్దో గ్రంథ సంప్రదాయం మీద ఆధారపడిన ఈ నృత్యనాటకం గంటల తరబడి సాగుతుంది. జంతువుల తలలు తొడుక్కున్న యమదూతలు ముందు చాలాసేపు ఆడతారు. ఎద్దు తల దాల్చినవాడు వారిలో మంత్రి వంటివాడు. తరువాత, మోసుకువచ్చే నిలువెత్తు బొమ్మ రూపంలో యమధర్మరాజు సభ తీరుస్తాడు. నల్లని బట్టలు కట్టుకున్న పాపిని ఈడ్చుకువస్తారు. పక్కన తెల్లని వేల్పు అతని మంచిని వాదిస్తే, నల్లని దయ్యం అతని చెడును వాదిస్తుంది. తక్కెడలో తెల్లరాళ్లూ నల్లరాళ్లూ వేసి తూస్తారు. నల్లవైపు మొగ్గగానే నేల మీద పరిచిన నల్లగుడ్డ దారిన పాపిని నరకానికి తోలుతారు. కాసేపటికి పుణ్యాత్ముడైన గృహస్థు విచారణ జరిగి, అతడు తెల్లగుడ్డ దారిన స్వర్గానికి నడుస్తాడు. తూనిక వేళ కెమెరాను ఆవరణ మధ్యనుంచి పక్కకు తిప్పగలిగితే అసలు చిత్రం దొరుకుతుంది: మాల తిప్పుతూ పెదవులు కదిలించే వృద్ధురాలి కళ్లు తక్కెడనే కనిపెట్టుకొని ఉంటాయి, ఆమె ఒళ్లో పిల్లవాడు దయ్యాన్ని చూసి ముఖం దాచుకుంటాడు, వెనక వరుసలో యువకుడు ఇదంతా తన ఫోనులో రికార్డు చేస్తుంటాడు. మూడు తరాలు ఒకే తీర్పును మూడు తీరులుగా చూసే ఈ దృశ్యం భూటాన్ గురించి చెప్పగలిగినంత, ఎంత అందమైన ముఖతొడుగైనా చెప్పలేదు.

నృత్యాలకూ జనానికీ మధ్య తిరుగుతుండే ‘అత్సర’ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పొడుగు ముక్కు ఎర్ర ముఖతొడుగుతో, చేతిలో కొయ్య లింగంతో, బూతుకు దగ్గరగా పోయే పరాచికాలతో జనాన్ని నవ్విస్తూ, అల్లరి పిల్లలను అదిలిస్తూ, విదేశీయుల ముందు చేయి చాచి చిల్లర వసూలు చేస్తూ తిరిగే ఇతడు మన తోలుబొమ్మలాటలో కేతిగాడి వంటివాడు. కాకపోతే భూటాన్‌వారి దృష్టిలో ఇతడు లోకమర్యాదలను దాటిన సిద్ధుడు, మామూలుగా నృత్యంలో అందరికంటే ఆరితేరినవాడు. నర్తకుని ముఖతొడుగు పక్కకు ఒరిగినా, పట్టీ వదులైనా ఆట ఆపకుండా పరుగున పోయి సరిచేసేది ఇతడే. కొయ్యతో చెక్కి రంగులద్దిన ఆ ముఖతొడుగు బరువుగా ఉంటుంది. ఒరిపిడి తగలకుండా నర్తకుడు ముందు తలకూ గడ్డానికీ గుడ్డ పేలికలు చుట్టుకొని దాన్ని తగిలించుకుంటాడు. ముఖతొడుగు కళ్లు కెమెరా వైపు చూస్తున్నట్టు కనిపించినా, లోపలి మనిషి చూసేది చాలాసార్లు దాని నోటి సందులోంచి. అందువల్ల అతనికి కనిపించేది కొద్దిపాటి నేల మాత్రమే. అడ్డంగా కూర్చున్న ఛాయాగ్రాహకుడు అతనికి కనిపించడు. ఆవరణలోకి మోకాళ్ల మీద జరిగిపోయి దగ్గరి చిత్రం కోసం ప్రయత్నించడం అమర్యాద అని చెప్పడానికి ముందు, ప్రమాదం అని చెప్పాలి.

ఇక వెలుతురు సంగతి. పారో, థింఫు లోయలు సముద్రమట్టానికి రెండువేల రెండు మూడు వందల మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఆ ఎత్తులో గాలి పలుచన, ఎండ తీక్షణం, నీడ చిక్కన. సున్నం కొట్టిన జోంగ్ గోడలు ఎండకు మెరుస్తుంటే, వాటిని చూసి కెమెరా మీటరు మోసపోయి చిత్రాన్ని నల్లబరుస్తుంది. కొంత ఎక్కువ ఎక్స్‌పోజర్ ఇస్తే తప్ప మనుషుల ముఖాలు తేరుకోవు. గిర్రున తిరిగే పట్టు పావడాల మడతలు విడివిడిగా కనిపించాలంటే షట్టర్ వేగం సెకనులో ఐదువందలో వంతు ఉండాలి. ఆ తిరుగుడు తిరుగుడుగానే కనిపించాలంటే పదిహేనో వంతుకో ముప్పయ్యో వంతుకో తగ్గించాలి. ఈ రెండో పద్ధతిలో పది చిత్రాలకు తొమ్మిది చెడిపోతాయి, అయినా నృత్యానికి న్యాయం చేసేది అదే. ఫ్లాష్ మాత్రం ఏ వేళలోనూ పనికిరాదు.

పారో త్సెచు చివరి రోజున తెల్లవారకముందే జరిగే దర్శనం ఈ ఉత్సవాలన్నింటికీ శిఖరం. పట్టుగుడ్డల ముక్కలను కత్తిరించి, ఒకదాని మీద ఒకటి అతికి కుట్టి తయారుచేసిన ‘థోంగ్‌డ్రెల్’ అనే మహాపటాన్ని, చీకటి ఉండగానే ఎత్తైన గోడ మీద నిలువునా విప్పుతారు. మధ్యలో గురు పద్మసంభవుడు, చుట్టూ ఆయన అష్టరూపాలు. దీన్ని చూసినంత మాత్రాన పాపాలు కడుక్కుపోతాయని నమ్మకం. 1907 అగ్నిప్రమాదంలో జోంగ్‌లోని సంపదంతా పోగా, ఈ పటం ఒక్కటే మిగిలిందని చెబుతారు. సూర్యకిరణం పటానికి తగిలేలోపు దాన్ని తిరిగి చుట్టివేయాలన్నది కట్టడి కాబట్టి, ఛాయాగ్రాహకునికి దొరికేది నీలిచీకటికీ తొలి వెలుగుకూ నడిమి కాస్త వ్యవధి మాత్రమే. ఐఎస్‌ఓ పెంచుకొని, గుంపులో ట్రైపాడ్ కాళ్లు చాపకుండా, చేతి నిలకడ మీదే తీయవలసి వస్తుంది. పటం పాదాల దగ్గర నుదురు ఆనించడానికి బారులు తీరిన జనంలో కెమెరాతో తోసుకుపోయేవారు కొందరు ఏటా కనిపిస్తూనే ఉంటారు. ముక్కోటి ఏకాదశి నాడు ఉత్తరద్వారం దగ్గర ఇదే పని ఎవరైనా చేస్తే ఎలా ఉంటుందో తెలుగువారు ఊహించుకోగలరు.

కెమెరాకు చోటు లేని తావులు కొన్ని ఉన్నాయి. ‘లఖాంగ్’ అంటే గుడి. దాని లోపల ఛాయాచిత్రాలు నిషిద్ధం. పవిత్రత మాట అటుంచి, పాత విగ్రహాల దొంగతనాల భయం కూడా ఈ కట్టుబాటుకు కారణాల్లో ఒకటి. మధ్య భూటాన్‌లోని బుంథాంగ్ లోయలో ఉన్న జంబే లఖాంగ్ దేశంలోని అతి ప్రాచీన ఆలయాల్లో ఒకటి. అక్కడ శరదృతువులో జరిగే ఉత్సవంలో, మండే తోరణం కింద నుంచి జనం పరుగెత్తే అగ్నిదీవెనను చిత్రించనిస్తారు గానీ, అర్ధరాత్రి మంట చుట్టూ జరిగే ‘తెర్‌ఛామ్’ అనే దిగంబర నృత్యాన్ని చిత్రించనివ్వరు. ముఖాలకు తెల్లగుడ్డ చుట్టుకొని ఆడే ఆ పురుషులు ఎవరో ఎవరికీ తెలియకూడదు. సంతానం లేనివారికి ఆ దర్శనం మేలు చేస్తుందన్నది అక్కడివారి విశ్వాసం. జేబులో ఫోను లేని మనిషి అరుదైన ఈ రోజుల్లో ఇలాంటి నిషేధాన్ని నిలుపుకోవడం చిన్న పని కాదు, దాన్ని గౌరవించడం అతిథి కనీస ధర్మం.

పండుగ మూడు నాళ్లు, జీవితం ముప్పయ్ నాళ్లు కాబట్టి, నిత్యజీవితాన్ని చిత్రించనివాడు భూటాన్‌ను చిత్రించినట్టు కాదు. థింఫులో మూడో రాజు జిగ్మె దోర్జి వాంగ్‌చుక్ స్మారకంగా 1974లో కట్టిన చోర్టెన్, అంటే స్తూపం, చుట్టూ తెల్లవారుజాము నుంచే ముసలివారు ప్రదక్షిణ చేస్తుంటారు. అరచేతుల రాపిడికి నున్నబడిన, ప్రార్థనకు తిప్పే మణిచక్రపు పిడి, మోకాలి నొప్పితో ఆగి ఆగి వేసే అడుగు, ప్రదక్షిణల నడుమ కబుర్లు, దవడన ‘దోమా’ అనే తమలపాకు, వక్క, సున్నం. అందరూ కుడివైపుగా తిరుగుతుంటారు కనుక, ముఖాలు కావాలనుకున్న ఛాయాగ్రాహకుడు ఎదురు నడవవలసి వస్తుంది, ఎదురు ప్రదక్షిణ అపచారం. అందుకే తెలిసినవారు ఒక మూల కూర్చుని, తిరిగే జనం తమ దగ్గరికి వచ్చేదాకా వేచి ఉంటారు. శరత్కాలంలో పారో ఇళ్ల కప్పుల మీద ఎండే ఎర్ర మిరపకాయలు మరో దృశ్యం. మిరపకాయను మసాలాగా గాక కూరగాయగానే జున్నుతో వండి ‘ఎమ దాత్షి’ పేర రోజూ తినే ఆ జనం కారం విషయంలో గుంటూరుకు తీసిపోరు.

ఇవన్నీ ఉన్నా, భూటాన్‌ను రంగుల జాతరగా మాత్రమే చూపే అలవాటు మీద ఒక మాట చెప్పక తప్పదు. మోకాళ్ల దాకా వచ్చే పురుషుల ‘ఘో’, చీలమండల దాకా వచ్చే స్త్రీల ‘కిరా’ కార్యాలయాల్లో నియమం ప్రకారం ధరించే దుస్తులు. సాయంత్రం ఇంటికి చేరాక జీన్స్ తొడుక్కునేవారు ఎందరో. 1999లో టెలివిజన్ వచ్చింది, ఆ ఏడే ఇంటర్నెట్ వచ్చింది. ఇటీవలి సంవత్సరాల్లో చదువుకున్న యువత పెద్దసంఖ్యలో ఆస్ట్రేలియాకు వలసపోతున్నారు. స్థూల జాతీయ ఆనందం అనే భావనతో పేరు తెచ్చుకున్న ఈ దేశం నుంచే 1990ల తొలినాళ్లలో లక్షకు పైబడిన నేపాలీ భాషీయులు వెళ్లిపోయి నేపాల్‌లోని శరణార్థి శిబిరాల్లో తలదాచుకోవలసి వచ్చింది. చిరునవ్వుల పిల్లభిక్షువుల చిత్రాలు అబద్ధం కావు. అవి మాత్రమే ఉన్న సంపుటి అబద్ధం. ఒక పోలీసు తెల్లని చేతితొడుగులతో వాహనాలను నడిపించే థింఫు కూడలి, దాని పక్కన కడుతున్న కాంక్రీటు భవనం, ఆ పని మీదకు సరిహద్దు దాటి వచ్చిన భారతీయ కూలీ కూడా భూటాన్ చిత్రంలో ఉండవలసినవారే.

1974లో నాలుగో రాజు పట్టాభిషేకంతో విదేశీ పర్యాటకులకు తలుపు తెరిచిన భూటాన్, తక్కువమందిని ఎక్కువ రుసుముతో అనుమతించే విధానాన్ని మొదటి నుంచీ పాటిస్తున్నది. 2022లో రాత్రికి 200 డాలర్లు చేసిన రుసుమును 2023లో 100 డాలర్లకు తగ్గించింది. భారతీయులకు ఇది మనిషికి రాత్రికి 1,200 రూపాయలుగా ఉన్నది. వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు గానీ ఓటరు గుర్తింపు కార్డు గానీ చూపి అనుమతిపత్రం పొందవచ్చు, ఆధార్ పనికిరాదు. థింఫు, పారోల్లో జనసమ్మర్దం ఎక్కువ కాబట్టి, మారుమూల లోయల్లోని చిన్న త్సెచులే ఛాయాగ్రాహకునికి మేలు. చాంద్రమానాన్ని అనుసరించే తేదీలు ఏటా మారతాయి గనుక బయలుదేరే ముందు ఆ ఏటి పట్టిక చూసుకోవాలి. ఆ పండుగలకు వెళ్లే తెలుగు ప్రయాణికులు మనుషుల చిత్రం తీసేముందు కళ్లతోనైనా అనుమతి అడగాలని, తీసినవాటిలో ఒకటి రెండు అచ్చు వేయించి గైడ్ చేతనో డ్రైవరు చేతనో ఆ ఇంటికి అందేలా పంపాలని మనవి.